విన్నది విన్నట్టు

టైపు గది, ఆసుపత్రి వెనక భాగం
జనవరి 8

చిట్టీ,

నీ ఉత్తరం అందింది. అందరూ ఫోన్లలో మాట్లాడుకుంటుంటే మనిద్దరం ఇంకా కవర్లు అంటించుకోవడం ఏమిటక్కా అని రాశావు. ఎన్నిసార్లు చెప్పను తల్లీ. ఇరవై రెండేళ్లుగా రోజుకి ఎనిమిది గంటలు నా చెవుల్లో డాక్టర్లే మాట్లాడుతున్నారు. ఇంటికొచ్చాక ఇంకో గొంతు చెవికి ఆనించుకోవాలంటే ఒళ్లు మండిపోతుంది. నా ఫోను బీరువాలో దుప్పట్ల కింద ఉంటుంది. మోగినా నాకు వినబడదు. ఇక్కడ వేసిన ఉత్తరం నీకు నాలుగో రోజున చేరుతుంది. అంతకంటే తొందర విషయాలు మనిద్దరి మధ్యా ఏమున్నాయి గనక.

మా గది ఎలా ఉంటుందని అడిగావు. నలుగురం, నాలుగు బల్లలు, ఒక్క కిటికీ. ఆ కిటికీ లాండ్రీ వైపు తెరుచుకుంటుంది, ఆసుపత్రి దుప్పట్లు రోజంతా యంత్రాల్లో గిరగిరా తిరుగుతూ ఉంటాయి. డాక్టర్లు రోగిని చూసి, కనబడిందంతా రికార్డరులో చెప్పి పడేస్తారు. ఆ మాటలు మా చెవుల్లోకి వచ్చి, మా వేళ్ల మీదుగా కాగితమై, రోగి ఫైల్లోకి వెళ్తాయి. బల్ల కింద ఒక పెడల్ ఉంటుంది. నొక్కితే గొంతు నడుస్తుంది, వదిలితే ఆగుతుంది. అంతటి డాక్టరు నోరు కాలి బొటనవేలితో మూయించే ఉద్యోగం ఇంకెవరికుందే అంటుంది మా కళ్లజోడావిడ. ఈ గదిలో అందరికంటే పెద్దది ఆవిడే, నాకు పని నేర్పిందీ ఆవిడే.

డాక్టర్లందరికీ పేర్లు పెట్టుకున్నాం. ఊపిరి తీసుకోకుండా పరిగెత్తేవాడు రైలుబండి. నములుతూ చెప్పేవాడు బిస్కెట్టు. స్కాన్లు చూసే ఆయన అద్దం డాక్టరు, ఎందుకో తర్వాత చెప్తాను.

అసలు సంగతికి వస్తాను. పైనుంచి ఒక మాట జారింది. మా బదులు ఏదో సాఫ్ట్‌వేర్ తెస్తారట. డాక్టరు మాట్లాడుతుండగానే అదే విని అదే టైపు చేసేస్తుందట. మా గదిలో దానికి అప్పుడే కొత్తకోడలని పేరు పడింది. ఇంకా గుమ్మం తొక్కలేదు, అత్తలందరం వంకలు వెతుకుతున్నాం. నువ్వు పెద్దాఫీసులో ఈ వ్యవహారాలే చూస్తావు కదా, నిజమో కాదో ఒక్క ముక్క రాయి. నాకింకా ఏడేళ్ల సర్వీసుంది. ఈ కుర్చీ తప్ప నాకు చోటు లేదని నీకు తెలుసు. నాకు పెళ్లా, పిల్లలా. ఉన్న ఒక్క పిల్లవీ నువ్వే, నిన్ను పెంచి ఒకరి చేతిలో పెట్టాను.

మరిదిగారు ఇంకా గుమ్మం దగ్గర చెప్పులు జతలు జతలుగా సర్దుతున్నారా?

అక్క


పెద్దాఫీసు, నాలుగో అంతస్తు
జనవరి 16

అక్కా,

నువ్వు ఊరికే గుండెలు బాదుకుంటున్నావు. సాఫ్ట్‌వేర్ మాట నిజమే, కానీ అది వచ్చినా నీకు సాయంగా వస్తుంది గానీ నీ కుర్చీ లాక్కోవడానికి కాదు. నువ్వు లేని టైపు గదిని ఇక్కడెవరూ ఊహించుకోవడం లేదు. నేనుండగా నీకు భయమేమిటి.

ఒకసారి మాటల్లో అన్నావు, డాక్టర్లు నోరు జారితే మీరు 'ఉతికి' పంపిస్తారని. అదేమిటో నాకు వివరంగా రాయవా. ఎవరు ఎక్కడ జారతారు, నువ్వెలా పట్టుకుంటావు, అన్నీ. నా బల్ల మీదకి వచ్చేవన్నీ పట్టికలే. మనుషుల కబుర్లు విని చాలా రోజులైంది.

ఆయన బాగానే ఉన్నారు. బడిలో పిల్లల చేత బొమ్మలు వేయిస్తారు, ఇంటికొచ్చి పెన్సిళ్లు చెక్కుకుంటారు, చెప్పులు సర్దుతారు. ఈ మధ్య నడుం నొప్పంటున్నారు. డ్రాయింగు మాస్టారికి రోజంతా వంగే పని కదా, అదే అనుకుంటున్నాం.

నా చేతి గడియారం ఆగిపోతే బాగుచేయించాను. ఇప్పుడు సరిగ్గా నడుస్తోంది.

చిట్టి


టైపు గది
జనవరి 24

చిట్టీ,

నీ ఉత్తరం చదివాక ఆ రోజు అన్నం సయించింది. కళ్లజోడావిడకి కూడా చదివి వినిపించాను, "చెల్లెలంటే నీ చెల్లెలే" అంది. కాస్త కుళ్లుకుందిలే.

ఉతుకుడంటే చెప్తాను. నేను చేరిన మొదటి రోజున కళ్లజోడావిడ కిటికీలోంచి లాండ్రీ చూపించి, "మనదీ ఆ పనే" అంది. "డాక్టరు మాసిన బట్ట విసురుతాడు. శుభ్రం చేసి, మడతపెట్టి పంపు. ఎక్కడ మరక పడిందో ఆయనకి మాత్రం చెప్పకు." ఈ గదిలో అదే చట్టం. మరకలు అందరివీ ఒకలా ఉండవు. రైలుబండి ఇందాకటి రోగి వయసు ఇప్పటి రోగికి అంటగడతాడు, ఆరేళ్ల పిల్లకి అరవై ఏళ్లు వచ్చేస్తాయి. బిస్కెట్టు మందు మోతాదు దగ్గర పది అనాల్సింది వంద అనేస్తాడు. అలాంటప్పుడు పెడల్ వదిలేసి, చీటీ చూస్తాను, పాత ఫైలు తీస్తాను, సరైనది వేసేస్తాను.

అన్నిటికంటే పెద్ద మూట అద్దం డాక్టరుది. స్కాను తెర మీద మనిషి మనకి ఎదురుగా నిలబడ్డట్టు ఉంటాడు, అతని కుడి మన ఎడమ వైపు పడుతుంది. ఈయన పొద్దున పూట బాగానే చెప్తాడు. మధ్యాహ్నం మూడు దాటి అలసిపోయాడా, రోగి చెయ్యి మరిచిపోయి తన చేతిని బట్టి చెప్పేస్తాడు. కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. ఆ కాగితం పట్టుకునే సర్జన్లు కత్తి తీస్తారు. పదకొండేళ్లుగా ఆయన్ని నేను ఉతుకుతూనే ఉన్నాను. తన నోటి వెంట ఇంతవరకూ ఒక్క తప్పూ రాలేదని ఆయన నమ్మకం. మెట్ల దగ్గర ఎదురైతే నాకేసి చూడను కూడా చూడడు.

చెప్పేయొచ్చు కదా అంటావు. చెప్తే ఒప్పుకోడు. ఒప్పుకుంటే భయపడిపోయి ప్రతి మాటకీ నీళ్లు నములుతాడు. అదెందుకు. మనిషి నోటితో అన్నదొకటి, అతనికి కావలసింది ఒకటి. ఆ రెండోది వినడమే నా పని. అది ఏ కోడలికి వస్తుందో నేనూ చూస్తాను.

మరిదిగారిని వేడినీళ్ల కాపడం పెట్టుకోమను.

అక్క


పెద్దాఫీసు, నాలుగో అంతస్తు
ఫిబ్రవరి 10

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒక్క అక్షరం వదల్లేదు.

ఒక కబురు. పెద్దవాళ్లు పోటీ పెట్టమన్నారు. వంద రికార్డింగులు ఇస్తారు. ఆ వందా సాఫ్ట్‌వేర్ టైపు చేస్తుంది, అవే వంద నువ్వు టైపు చేస్తావు. ఎవరివి ఎన్ని తప్పులో చూసి, టైపు గదులు ఉంచాలో తీయాలో తేలుస్తారు. అన్ని ఆసుపత్రుల్లోంచి మనిషి తరఫున నీ పేరే ఇచ్చాను. ఆ రికార్డింగులు ఏరే బాధ్యత కూడా నాదే కాబట్టి నువ్వు నిశ్చింతగా ఉండు.

నువ్వు ఎప్పుడూ ఎలా చేస్తావో అలాగే చెయ్యి. పోటీ కదా అని మార్చకు. ఒక్క మరక కూడా ఉతక్కుండా వదలకు. నీ పనితనం ఏమిటో అందరూ చూడాలి.

చిట్టి


టైపు గది
మార్చి 3

చిట్టీ,

నిన్నటితో వందా అయిపోయాయి. తలతిక్కవన్నీ ఏరి ఒక్కచోట పోగేశావు తల్లీ. రైలుబండివి ముప్పై, బిస్కెట్టువి ఇరవై, మిగతావన్నీ అద్దం డాక్టరు మూడు దాటాక చెప్పినవి. నా విద్య అంతా బయటపడేలా ఏరావు, ఆ తెలివి మా చిట్టిదే అని మురిసిపోయాను. పది రోజులు ఫైళ్లన్నీ ముందేసుకుని కూర్చున్నాను. అద్దంలా చేసి ఇచ్చాను.

కొత్తకోడల్ని కూడా చూశాం. నిజం చెప్పాలి కదా, అది వింటుంది. రైలుబండి మాటలు నేను మూడుసార్లు వెనక్కి తిప్పుకున్నవి అది ఒక్క దెబ్బకే పట్టేసింది. చేతివేళ్ల నొప్పులు లేవు, టీకి లేవదు, కళ్లజోడావిడతో తగువు పెట్టుకోదు. నేను ఒకటి పూర్తిచేసేలోపు అది పాతిక ముగించింది. కానీ బుర్ర లేదు. అద్దం డాక్టరు ఒక రోగికి కాలేయం ఎడమవైపు ఉందన్నాడు. అదీ బుద్ధిగా ఎడమవైపే రాసింది. పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. ఇక దీన్ని చూసి భయపడేదెవరు.

ఫలితం తెలియగానే రాయి. మీటింగులో నా పేరు చదివినప్పుడు ఎవరి మొహం ఎలా ఉందో కూడా రాయి.

అక్క


పెద్దాఫీసు, నాలుగో అంతస్తు
మార్చి 20

అక్కకి,

ఫలితం వచ్చింది. సాఫ్ట్‌వేర్‌కి నూటికి తొంభై ఎనిమిది. నీకు ఎనభై మూడు.

ఎలా అని అరవకు. టైపు చేసింది దేనితో సరిచూస్తారో నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. రికార్డింగుతో సరిచూశారు. డాక్టరు నోట ఏది వచ్చిందో కాగితం మీద అదే ఉంటే ఒప్పు, లేకపోతే తప్పు. నువ్వు ఉతికిన ప్రతి మరకా నీ లెక్కలో తప్పు పడింది. కాలేయం కుడివైపు అని దిద్దావు చూడు, అదీ తప్పే. మీటింగులో ఒకాయన నీ కాగితాలు చూసి, "ఈవిడ వినడం లేదు, సొంత కవిత్వం రాస్తోంది" అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరి మొహం ఎలా ఉందో రాయమన్నావు కదా. నా మొహం బెల్లం కొట్టిన రాయిలా ఉంది.

ఆ వందా నేనే ఏరాను. నీ జనవరి ఉత్తరం పక్కన పెట్టుకుని ఏరాను.

ఎందుకో తెలుసుకోవాలనుందా. గడియారం బాగుచేయించానని రాశాను కదా. ఆ దుకాణంలో కూర్చున్నది ఎవరో తెలుసా. నాకు ఇరవై రెండేళ్లప్పుడు మన వీధి చివర గడియారాలు బాగుచేసే అతను గుర్తున్నాడా. తనతో వచ్చేయమని అతను నాకు రాశాడు. నా చేతిరాత కోడి కెలికినట్టుంటుందని, నీ దగ్గర టైపు మిషను ఉందని, సిగ్గు చంపుకుని నా జవాబు నీకే ఇచ్చాను. పదిహేనో తారీకున వస్తాను, బస్టాండులో ఉండు అని రాశాను. అక్క అంటే అమ్మ కంటే ఎక్కువ అనుకున్నాను. టైపు చేసి నువ్వే అందజేశావు. పదిహేనో తారీకున సాయంత్రం దాకా బస్టాండులో కూర్చున్నాను. అతను రాలేదు. ఇంటికొస్తే నా తల నిమిరి, మగాళ్లంతే తల్లీ అన్నావు.

ఇప్పుడు అతనికి జుట్టంతా నెరిసింది. నన్ను గుర్తుపట్టి, చిన్న చిన్న మరలు పెట్టుకునే సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. నేను రాను, నా కోసం ఎదురుచూడకు, ఊరు వదిలి వెళ్లిపో అని ఉంది. కింద నా పేరు. నీ మిషనులో 'న' అక్షరం కాస్త పైకి లేచి పడేది. ఆ కాగితంలో ప్రతి 'న' పైకి లేచే ఉంది.

నాకు కావలసింది నువ్వు వినేశావు కదక్కా. నోటితో అన్నదాంతో నీకేం పని.

చిట్టి


టైపు గది
మార్చి 30

చిట్టీ,

నిజమే. ఉతికాను.

ఏడుస్తూ రాస్తాననుకున్నావేమో. ఇరవై నాలుగేళ్లుగా ఈ రోజు కోసం జవాబులు కట్టుకుని పెట్టుకున్నాను. అతను తాగుబోతు అని చెబుదామనుకున్నాను, అతనికి ఇంకొకతె ఉందని చెబుదామనుకున్నాను. అవేవీ లేవు. అతనిలో వంక పెట్టడానికి ఏమీ లేదు, శుభ్రమైన మనిషి. నువ్వు వెళ్లిపోతే ఆ ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలేదాన్ని. అంతే. మాస్టారు అదే ఊళ్లో, అదే వీధిలో ఇల్లు తీసుకుంటానన్నాడు కాబట్టి నిన్ను ఆయన చేతిలో పెట్టాను. ఏడాది తిరక్కుండా బదిలీ అయింది. దానికి నేనేం చేయగలను.

నీకు మంచి జరిగిందా లేదా. చెప్పులు సర్దిపెట్టే మొగుడు ఎంతమందికి దొరుకుతాడు. ఇంత చేసినదాన్ని, నవ్వులపాలు చేశావు. నా ఉత్తరం పక్కన పెట్టుకుని మరీ నా గొంతు కోశావు. నిన్ను పెంచినందుకు అరికాలి మంట నెత్తికెక్కుతోంది.

ఒకావిడని వారం కిందటే తీసేశారు, కళ్లజోడావిడ నిన్న వెళ్లిపోయింది. తన కళ్లజోడు పెట్టె బల్ల మీదే మరిచిపోయింది, దాని కోసం కూడా వెనక్కి రాలేదు. ఇప్పుడు గదిలో ఇద్దరమే. మా పేరు ఇప్పుడు 'సరిచూసేవాళ్లు'. కొత్తకోడలు టైపు చేసినదాన్ని రికార్డింగుతో మాటకి మాట కలిపి చూసి, సరే అని ఒక మీట నొక్కాలి. కొత్త రూలు గోడకి అంటించారు. విన్నది విన్నట్టే ఉండాలి, సొంతంగా దిద్దినట్టు మూడుసార్లు దొరికితే కుర్చీ ఖాళీ. అడుగున సంతకం ఎవరిదో నాకెవరూ చెప్పక్కర్లేదు, ఆ సంతకం పెట్టడం నేర్పింది నేను.

చెప్పినట్టే చేస్తాను. నువ్వూ ఎప్పుడైనా నా మాట విని ఉంటే బాగుండేది.

అక్క


ఇంటి నుంచి
మే 12

అక్కకి,

రాయకూడదనే అనుకున్నాను. ఆయన రాయమన్నారు.

నడుం నొప్పి నడుం నొప్పి కాదు. ఇక్కడ స్కాను తీశారు. కుడి కిడ్నీలో గడ్డ ఉంది, ఆ కిడ్నీ తీసేయాలన్నారు. ఎడమది బాగుంది, దానితో మనిషి హాయిగా బతకొచ్చట. ఆయన మీ ఆసుపత్రికే వస్తానని పట్టుపట్టారు. ఇంకెక్కడికైనా వెళ్దామన్నాను. "అక్కడ వదినగారున్నారు. నా కాగితాలు ఆవిడ చేతి మీదుగా వెళ్తాయి. అంతకంటే ధైర్యం ఏముంది" అన్నారు. మన మధ్య జరిగింది ఆయనకి తెలియదు, చెప్పేది కూడా లేదు.

ఇరవై ఐదు, సోమవారం మీ దగ్గర మళ్లీ స్కాను తీస్తారు. గురువారం ఆపరేషను. స్కానుకి ఆయన ఒక్కరే వస్తారు. వెనక్కి వచ్చి, బుధవారం ఇద్దరం కలిసి వస్తాం.

మీ గది ఇరవై ఆరుతో మూసేస్తున్నారు. కాగితం నీకు రేపో మాపో అందుతుంది. నేను నిన్ను ఏదీ అడగడం లేదు.

చిట్టి


టైపు గది
మే 25, సోమవారం

చిట్టీ,

మరిదిగారు పదకొండింటికి వచ్చారు. స్కానుకి పిలిచేదాకా నా గదిలోనే కూర్చున్నారు. కిటికీలోంచి లాండ్రీ చూస్తూ, "బాగుంది వదినగారూ మీ చోటు" అన్నారు. జేబులోంచి పెన్సిలు తీసి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకున్న నన్ను బొమ్మ వేశారు. ముక్కు కాస్త పెద్దదైంది గానీ పోలిక కుదిరింది. మీ ఊళ్లో తీసిన స్కాను కాగితం కూడా చూపించారు. కుడివైపు గడ్డ అని స్పష్టంగా ఉంది. "భయంగా ఉందా" అని అడిగాను. "పొద్దున ఉండేది. మిమ్మల్ని చూశాక పోయింది" అన్నారు. గుమ్మం దగ్గర నా చెప్పులు వంకరగా ఉంటే సరిచేసి వెళ్లారు.

పిలిచేసరికి మూడున్నర అయింది. ఆయన్ని చూసింది అద్దం డాక్టరు.

ఐదింటికి రికార్డింగు నా చెవుల్లోకి వచ్చింది. ఎడమ కిడ్నీలో గడ్డ అన్నాడు. కుడిది బాగుంది అన్నాడు. కొత్తకోడలు అలాగే టైపు చేసింది. నా పని మాటకి మాట కలిపి చూడటం. రెండుసార్లు విన్నాను. ఎక్కడా తేడా లేదు, కామా కూడా సరిపోయింది. మీట నొక్కాను. కాగితం ఆయన ఫైల్లోకి వెళ్లింది. సర్జను చూసేది దాన్నే.

ఉతకడం నాకు చేతకాక కాదు. రెండు మాటలు, రెండు క్షణాల పని. గోడ మీద నీ సంతకం ఎదురుగా ఉంది. ఉతకమని నువ్వు నీ చేత్తో ఒక్క ముక్క రాయి, ఉతుకుతాను. నేను ఇరవై రెండేళ్లు చేసిన పని తప్పు కాదని కూడా అదే కాగితం మీద రాయి. నాకు ఇంకేమీ అక్కర్లేదు.

ఈ ఉత్తరం ఇప్పుడే వెళ్లి డబ్బాలో వేస్తాను. నాలుగో రోజున నీకు చేరుతుంది, అంటే గురువారం. ఆపరేషను గురువారం పొద్దున తొమ్మిదికని ఫైల్లో చూశాను. తెలిసిన రోజునే తెలియజేశాను. చెప్పలేదని మాత్రం నన్ను అనకు. ఫోను సంగతి నీకు తెలిసిందే, నేను చెవి దగ్గర పెట్టుకోను.

అక్క


ఇంటి నుంచి
జూన్ 14

అక్కకి,

నీ ఉత్తరం గురువారం రాలేదు. బుధవారం పొద్దునే వచ్చింది. టపా బండి వేళ మార్చారట, ఇప్పుడు మూడో రోజునే వచ్చేస్తున్నాయి. నీకా సంగతి తెలియదు.

వంటగదిలో నిలబడి రెండుసార్లు చదివాను. పక్క గదిలో ఆయన సంచీ సర్దుకుంటున్నారు. "తువ్వాలు ఎక్కడుందీ" అని అడిగారు. తువ్వాలు ఎక్కడుందో చెప్పాను. అంతే చెప్పాను.

మా ఊరి కాగితం ఫైల్లో అడుగున ఉంది. తీసి పైన పెట్టొచ్చు. పెట్టలేదు. ఆయన మీద నాకు కోపం లేదు. ఈ ఇరవై మూడేళ్లలో నన్ను ఒక్క మాట అనలేదు, తన పళ్లెం తనే కడుక్కునే మనిషి. కానీ నీ చేత్తో రాసిన ఉత్తరం నా సంచీలో ఉంది. ఆపరేషను అయ్యాక దాన్ని తీసి అందరికీ చూపించాలని, నా అక్క అంటే ఏమిటో లోకానికి ఒక్కసారి తెలియాలని అనిపించింది. దాని ముందు ఆయన కిడ్నీ నాకు చిన్నదిగా కనబడింది. నేనింతటిదాన్నని నాకే తెలియదు. నీ పెంపకంలో ఏ లోటూ లేదక్కా.

గురువారం పొద్దున ఆయన్ని లోపలికి తీసుకెళ్లారు. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. చెయ్యాల్సిన సర్జనుకి జ్వరం వచ్చిందని, రిటైరయిన ఒక ముసలాయన్ని పిలిచారు. ఆయనకి టైపు చేసిన కాగితాలు చదివే అలవాటు లేదట. ఫిల్ము తెమ్మని, వెలుతురుకి పట్టుకుని తనే చూశాడట. "ఎవరయ్యా ఇది ఎడమ అన్నది" అని కేక వేశాడు, తలుపు బయటికి నాకు వినబడింది. కుడిదే తీశారు. ఆయన బాగున్నారు.

తర్వాత విచారణ జరిగింది. రికార్డింగూ కాగితమూ కలిపి చూశారు. నూటికి నూరు సరిపోయాయి. సాఫ్ట్‌వేర్ తప్పు లేదు, సరిచూసినవారి తప్పు లేదు అని రాశారు. సంతకం నాదే. అద్దం డాక్టరుకి జాగ్రత్తగా మాట్లాడమని ఒక ఉత్తరం పంపారు.

ఇప్పుడు అసలు విషయం. ముసలి సర్జను ఫిల్ము చూడటం నీ వల్లే జరిగిందని ఆయన గట్టిగా నమ్ముతున్నారు. వదినగారే ఎవరి చెవినో వేసి ఉంటారు, చెప్పుకోవడం ఇష్టం లేక ఊరుకున్నారు అంటున్నారు. ఎంత చెప్పినా వినరు. నీ ఉద్యోగం పోయిందని తెలిసి ముందు గది ఖాళీ చేయించారు. ఇక మీరిద్దరూ ఒకచోట ఉండాలి, ఈ కవర్లేమిటి, అక్కచెల్లెళ్లని విడదీసిన పాపం నా బదిలీది అంటున్నారు. ఆ గదిలో ఏది ఎక్కడ పెట్టాలో బొమ్మ వేశారు, దీంతో పంపుతున్నాను. కిటికీ దగ్గర ఎదురెదురుగా రెండు కుర్చీలు. ఒకదాంట్లో నువ్వు, ఒకదాంట్లో నేను. ఇద్దరం నవ్వుతున్నట్టు వేశారు.

రావద్దని రాయాలని ఉంది. ఎందుకు రావద్దన్నావని ఆయన అడుగుతారు. నేనేం చెప్పను.

చిట్టి


అద్దె గది నుంచి
జూన్ 21

చిట్టీ,

నీకు తెలియనిది ఒకటి చెప్తాను. ఆ గురువారం నేనూ వచ్చాను.

లిఫ్టు పక్కన స్తంభం వెనక నిలబడ్డాను. నువ్వు బల్ల మీద కూర్చున్నావు, సంచీ ఒళ్లో ఉంది. సంచీ నోట్లోంచి నా కవరు మూల కనబడుతోంది, చింపి ఉంది. అప్పుడు తెలిసింది నువ్వు చదివేశావని. ఆయన్ని తోసుకెళ్తుంటే నీకేసి చెయ్యి ఊపారు, నువ్వూ ఊపావు. తలుపు మూసేలోపు చాలా సమయం ఉంది. నువ్వు లేస్తావేమో అని నేను చూశాను. నువ్వు లేవలేదు. నేనూ కదల్లేదు. నువ్వు లేస్తే నేను ఓడిపోయినట్టు అనిపించింది. ఇంకెవరికైనా ఇది అర్థమవుతుందా.

బొమ్మ అందింది. ఈసారి ముక్కు సరిగ్గా వేశారు.

ఇక్కడి గది నెలాఖరుకి ఖాళీ చేయాలి. నాకు వేరే చోటు లేదు, అది నీకు జనవరిలోనే రాశాను. అందుకే వస్తున్నాను. ఇరవై తొమ్మిదిన మధ్యాహ్నం బండికి దిగుతాను. నీ ఉత్తరాలన్నీ కట్టకట్టి నాతో తెస్తున్నాను. నావి నీ దగ్గర భద్రంగా ఉన్నాయని నాకు తెలుసు, ఉంచుకో. ఆ ఇంట్లో మనిద్దరం ఆయన ముందు చక్కగా మాట్లాడుకోవాలి. నోటితో ఏం అనాలో ఇద్దరికీ తెలుసు కాబట్టి కష్టం ఉండదు.

ఇక ఉత్తరాలతో పని లేదు. ఇదే ఆఖరిది.

స్టేషనుకి మరిదిగారిని పంపకు, బరువులు ఎత్తకూడదు. నువ్వే రా.

అక్క